వీపు నేలకి ఆనితే ఓడినట్టేనా?

2006 మే నెలాఖరు. మా నాన్న ఆరు నెలల విజిటర్ వీసా మీద విజయనగరం నించి మా ఇంటికి వచ్చి అప్పటికి రెండు నెలలయింది. లాస్ ఏంజలెస్‌కి దక్షిణాన మేముండే పేటలో పొద్దున్నే నడకకి వెళ్ళి వచ్చి, "ఇళ్ళున్నాయి, కార్లున్నాయి, మనుషులేరిరా?" అని అడగడం ఆయనకి నిత్యకృత్యం. ఆ శనివారం సాయంత్రం మాత్రం ఆ లోటు తీరింది. మా ఫామిలీ రూములో పదిమంది మగాళ్ళు, అయిదారుగురు కుర్రాళ్ళు, కార్పెట్ మీద పకోడీల పళ్ళాలు. మాకు ఇరవై మైళ్ళ దూరంలో, స్టేపుల్స్ సెంటర్లో (ఇప్పుడు దాని పేరు మారింది లెండి) రాయిస్ గ్రేసీకీ మాట్ హ్యూస్‌కీ పోటీ. పే-పర్-వ్యూకి డబ్బు కట్టాను కాబట్టి దానికి న్యాయం జరగాలని తెలిసిన వాళ్ళందర్నీ పిలిచాను.

మావాడికి అప్పుడు పద్నాలుగేళ్ళు. రెండేళ్ళుగా జూజిట్సు నేర్చుకుంటున్నాడు. వాడికి రాయిస్ గ్రేసీ దేవుడు. మా మిత్రబృందంలో సగం మంది వాడి పక్షం, తక్కిన సగం హ్యూస్ పక్షం. వీళ్ళందరూ ఒకప్పుడు హాస్టల్ వరండాల్లో గవాస్కర్ గొప్పా, విశ్వనాథ్ గొప్పా అని తెల్లవార్లూ వాదించుకున్న వాళ్ళే. విశ్వనాథ్‌ని వెనకేసుకొచ్చే వాడు ఎప్పుడూ పరుగుల లెక్క చెప్పడు, ఆ మణికట్టు చూడు అంటాడు. గవాస్కర్ వాడు లెక్కల కాయితం తీస్తాడు. దేశం మారినా, ఆట మారినా, మా వాళ్ళ వాదన మారలేదని ఆ సాయంత్రం తెలిసింది.

పోటీ మొదలయిన కాసేపటికే హ్యూస్ రాయిస్‌ని కింద పడేసి పైన కూచున్నాడు. నాన్న పకోడీ నోట్లో వేసుకుంటూ, "అయిపోయింది కదా, వీపు ఆనింది" అన్నారు.

"నో, తాతా! వాడు ఫైట్ చేసేదే అక్కణ్ణించి" అన్నాడు మావాడు.

నాన్న వాణ్ణి జాలిగా చూశారు. మా వైపు గోదాలో మట్టి తొక్కిన వాళ్ళెవర్నడిగినా ఒకటే చెప్తారు. వీపు నేలకి ఆనిందా, ఓడినట్టే. లేచి దుమ్ము దులుపుకుని వస్తాదు కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళిపోవడమే. 'చిత్తుగా ఓడిపోయాడు' అని మనం ఎన్నికల గురించి కూడా అంటున్నామే, కుస్తీలో చిత్తు అంటే వెల్లకిలా పడడమే.

హ్యూస్ రాయిస్ చెయ్యి పట్టి మెలిపెట్టాడు. మోచెయ్యి తిరగకూడని వైపు తిరిగింది. గదిలో అందరం "అబ్బా" అన్నాం. రాయిస్ మాత్రం తట్టలేదు. జూజిట్సులో ఓటమి ఒప్పుకోవడం అంటే అరచేత్తో రెండు సార్లు తట్టడం. హ్యూస్ ఆ చెయ్యి వదిలేసి, వీపెక్కి గుద్దడం మొదలెట్టాడు. నాలుగు నిమిషాల ముప్పై తొమ్మిది సెకన్ల దగ్గర రిఫరీ ఆపేశాడు.

"నే చెప్పలేదూ?" అన్నారు నాన్న. మావాడు లేచి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఇక ఆ రాత్రి జరిగిన చర్చ ఒంటిగంట దాకా సాగింది. రాయిస్‌కి ముప్పై తొమ్మిదేళ్ళు, హ్యూస్‌కి ముప్పై రెండు, ఇది న్యాయమా అని ఒకరు. ఇద్దరూ ఒకే బరువు కదా, ఇంకేం కావాలి అని ఇంకొకరు. చెయ్యి విరిగేలా ఉన్నా తట్టలేదు, మరి అతను ఓడాడా, అలిసిపోయాడా అని మూడో వారు. అసలు రాయిస్ కాదు, వాళ్ళన్న రిక్సన్ వచ్చి ఉంటే హ్యూస్‌ని మడిచి జేబులో పెట్టుకునేవాడని నాలుగో ఆయన. ఆ చర్చలో నేను విన్న ప్రతి మాటా ఈ దేశంలో అంతకు సరిగ్గా నూటొక్క సంవత్సరాల క్రితం ఒకసారి నడిచిందని తర్వాత చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఈ వ్యాసానికి కారణం అదే.

1905లో అమెరికాలో జపాను మల్లవిద్య మీద మోజు పట్టుకుంది. రష్యా లాంటి పెద్ద దేశాన్ని చిన్న జపాను యుద్ధంలో చావగొడుతున్న రోజులవి. చిన్నవాడు పెద్దవాణ్ణి కొట్టే రహస్యం ఏదో వీళ్ళ దగ్గరుందని అందరికీ కుతూహలం. అధ్యక్షుడు థియడోర్ రూజ్వెల్ట్ 1904లోనే యమషితా యోషియాకి అనే గురువు దగ్గర వైట్ హౌస్‌లో పాఠాలు చెప్పించుకున్నాడు. దేశాధ్యక్షుడు నడివయసులో పరుపు మీద పల్టీలు కొట్టడం ఊహించుకోండి.

1905 ఫిబ్రవరిలో ఇద్దరు జపాను జూడో వాళ్ళు న్యూయార్క్ దగ్గర వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయానికి వచ్చి తమ విద్య ప్రదర్శించారు. పెద్దాయన తొమితా, చిన్నవాడు మయెదా. మయెదా ఒక కాడెట్‌ని అవలీలగా ఎత్తి పడేశాడు. ప్రదర్శనలో ఎత్తి పడేసింది తొమితా కాబట్టి గురువుతో కూడా పడతాం అన్నారు కుర్రాళ్ళు. మొదటివాణ్ణి తొమితా పడగొట్టాడు. రెండోవాడి దగ్గర ఆయన ఎత్తు పారలేదు. తాను వెనక్కి వాలి, కాలు అవతలివాడి పొట్టకి తన్నిపెట్టి, తల మీంచి విసిరే ఎత్తు అది. రెండు సార్లు ప్రయత్నించాడు, రెండు సార్లూ తనే వెల్లకిలా పడ్డాడు, పైన కాడెట్.

గెలిచింది ఎవరు? అమెరికా కుర్రాళ్ళేమో మావాడే గెలిచాడన్నారు. ఎందుకంటే వాళ్ళ కుస్తీలో అవతలివాడి భుజాలు నేలకి అదిమితే గెలుపు. జపాను వాళ్ళు గెలుపు మాదన్నారు. వాళ్ళ లెక్కలో విసరడమే గెలుపు, కాడెట్ ఎక్కడా విసరలేదు మరి. ఎవరి రూలు ప్రకారం వాళ్ళు గెలిచారు. మా నాన్న అక్కడుంటే కాడెట్ పక్షాన చేరేవారు.

అదే నెల 24న రూజ్వెల్ట్ బోర్డింగ్ స్కూల్లో ఉన్న కొడుకు కెర్మిట్‌కి ఉత్తరం రాశాడు. ఆయన పిల్లలకి రాసిన ఉత్తరాల పుస్తకంలో అది అచ్చయింది. తన గురువు యమషితాకీ, గ్రాంట్ అనే అమెరికన్ వస్తాదుకీ పోటీ పెట్టించి చూసిన ముచ్చట అందులో ఉంది. ఏం రాశాడో నా మాటల్లో చెప్తాను. గ్రాంట్‌కి తెలిసిందల్లా అవతలివాణ్ణి వెల్లకిలా పడెయ్యడమే, యమషితాకి వెల్లకిలా పడుకోవడంలో ఏ అభ్యంతరమూ లేదు! ఒక్క నిమిషంలో గ్రాంట్ గొంతు అతని పట్టులో ఉంది, మరి రెండు నిమిషాల్లో చెయ్యి విరవగలిగే పట్టు దొరికింది. అయితే పట్టి పడెయ్యడంలో గ్రాంట్ ఏమీ తీసిపోలేదు, బలంలో చాలా పైన ఉన్నాడు, జపానాయన్ని అలసగొట్టేశాడు. కుస్తీ రూళ్ళున్న ఆట, జూజిట్సు మనిషిని పనికిరాకుండా చేసే విద్య, రెంటినీ పోల్చడం కష్టం అని కూడా ఒప్పుకున్నాడు. ఇన్నీ చెప్పి చివరికి అసలు అభిమాని బుద్ధి బయటపెట్టుకున్నాడు. మన పెద్ద ఒళ్ళున్న వస్తాదులు ఈ విద్య కాస్త నేర్చుకుంటే ఆ చిన్నవాళ్ళు మనకి ఆగలేరు పొమ్మన్నాడు.

మాట్ హ్యూస్ ఇల్లినాయ్ పల్లెలో పొలం పనిచేసి పెరిగిన వాడు. హైస్కూలు రోజుల నించే కుస్తీ పట్టినవాడు. తర్వాత జూజిట్సు పట్లు నేర్చుకున్నాడు. అంటే మా ఫామిలీ రూములో మేం చూసింది రూజ్వెల్ట్ ఉత్తరంలోని ఆఖరి వాక్యాన్నే. కాకపోతే మధ్యలో నూరేళ్ళు పట్టింది. ఆ నూరేళ్ళలో ఏమయిందో కూడా చెప్పాలి కదా.

వెస్ట్ పాయింట్‌లో కాడెట్‌ని ఎత్తి పడేసిన ఆ మయెదా దేశాలన్నీ తిరిగి, దొరికిన వాడితో దొరికిన రూళ్ళతో కుస్తీ పట్టి, 1914లో బ్రెజిల్ చేరాడు. అమెజాన్ నది ముఖద్వారం దగ్గర బెలెం పట్నంలో స్థిరపడ్డాడు. అక్కడ ఆయన దగ్గర కార్లోస్ గ్రేసీ అనే కుర్రాడు నేర్చుకున్నాడనీ, అతను 1925లో రియోలో బడి పెట్టాడనీ, పీలగా ఉండే తమ్ముడు ఎలియో బలంతో పనిలేకుండా మీట సూత్రం మీద ఆ విద్యని మార్చాడనీ గ్రేసీల కుటుంబ కథ. ఆ మార్పులో కొత్త ఎంత, జపాను నించి వచ్చింది ఎంత అన్నది జూడో వాళ్ళకీ వీళ్ళకీ ఇంకా తెగలేదు.

తెగనివి ఇంకా ఉన్నాయి. 1951 అక్టోబరు 23న రియోలో మరకానా స్టేడియంలో జపాను నించి వచ్చిన జూడో వీరుడు కిమురా, ఎలియోని విసిరి విసిరి, చివరికి చెయ్యి వెనక్కి మెలిపెట్టాడు. ఎలియో తట్టలేదు. అన్న కార్లోస్ తువ్వాలు విసిరేశాడు. గ్రేసీలు ఏం చేశారో చూడండి, ఆ పట్టుకి కిమురా అని గెలిచినవాడి పేరే పెట్టారు. ఇవాళ ప్రపంచమంతటా పిల్లలు ఆ పేరుతోనే నేర్చుకుంటున్నారు. ఓడించిన వాడి పేరుని మన బళ్ళో పాఠంగా పెట్టుకునే గుణం ఎంతమందికుంటుంది? అయితే ఏమాటకామాటే. ఆ ఓటమిని కూడా, అంత పెద్దవాడి ముందు అంతసేపు నిలబడ్డాడు కాబట్టి ఎలియోదే నైతిక విజయం అని చెప్పుకునే వాళ్ళూ ఉన్నారు. నాలుగేళ్ళ తర్వాత 1955లో ఎలియో తన పాత శిష్యుడు వాల్దెమార్ సంతానాతో మూడున్నర గంటలు దాటి పోరాడి ఓడిపోయాడు. రియో శివార్లలో పేదపిల్లలకి నేర్పిన ఒస్వాల్దో ఫద్దా శిష్యులు 1950ల మధ్యలో గ్రేసీ బడికి సవాలు పంపి గెలిచారు. వాళ్ళ ఆయుధం కాలి పట్లు. కాళ్ళు పట్టుకోవడం అంటే అప్పట్లో నామోషీ, శివారు వాళ్ళ విద్య అని వెక్కిరించారు. ఈ ఫద్దా పేరు చాలాకాలం అమెరికాలో ఎవరికీ తెలియదు. చరిత్ర చెప్పే అవకాశం ఎవరికి ముందు దొరికితే వాళ్ళ తాతలే వీరులవుతారు.

ఆ అవకాశం అమెరికాలో దొరికింది ఎలియో పెద్దకొడుకు రోరియన్‌కి. 1970ల చివర్లో లాస్ ఏంజలెస్ చేరి, హాలీవుడ్‌లో చిన్నాచితకా వేషాలేస్తూ, తన ఇంటి గరాజులో చాపలు పరిచి పాఠాలు మొదలెట్టాడు. గరాజులో కంపెనీలు పెట్టిన కథలు సిలికాన్ వాలీ వాళ్ళవే కాదు, ఇవీ ఉన్నాయి. ఎవరైనా వచ్చి మాతో తలపడవచ్చని సవాలు, ఆ పోటీల వీడియోలు అమ్మకం. 1989లో టోరెన్స్‌లో బడి. చివరికి 1993 నవంబరు 12న డెన్వర్‌లో మొదటి అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్.

దాని ఉద్దేశం అభిమానుల వాదనకి ఒక్క రాత్రిలో తీర్పు చెప్పడం. బాక్సరు గొప్పా, కరాటే వాడు గొప్పా, కుస్తీ వాడు గొప్పా? ఎనిమిదిమంది, ఒక పంజరం, న్యాయనిర్ణేతలు లేరు, గెలిస్తే 50,000 డాలర్లు. ఒక బాక్సరు ఒక చేతికే గ్లవ్ వేసుకుని వచ్చాడు, రెండో చేత్తో ఏమైనా పట్టుకోవలసి వస్తుందేమోనని. ఇంటి తరఫున దింపింది రిక్సన్‌ని కాదు, 180 పౌన్లయినా లేని రాయిస్‌ని. బక్కవాడు గెలిస్తేనే కదా విద్య గొప్పదని తేలేది! ముగ్గుర్ని వరసగా ఓడించి రాయిస్ గెలిచాడు. తన అన్న తనకంటే పదింతలు గొప్పవాడని రాయిస్ అన్న మాట ఊరంతా పాకింది. ఒక వాదన తీర్చడానికి పెట్టిన పోటీ ఇంకో పెద్ద వాదనకి పునాది వేసింది. రిక్సన్ వచ్చి ఉంటే?

రిక్సన్‌ని గురించి నాలుగు వందల పైచిలుకు పోటీలు గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు అని చెప్తారు. కాయితం మీద లెక్క కట్టగలిగే పెద్ద పోటీలు పదకొండు, అన్నీ గెలుపే. మిగిలిన మూడువందల తొంభై ఎక్కడివి? సముద్రపు ఒడ్డున, బడిలో, ఆటల్లో, సరదా పట్లలో. అవి జరగలేదని ఎవరూ అనరు, ఎన్ని అన్నదే గొడవ. దీనికి తోడు 1993లోనే ఓక్లహోమా రాష్ట్రం నార్మన్‌లో జరిగిన అమెరికా సాంబో పోటీల్లో రాన్ ట్రిప్ అనే ఆయన రిక్సన్‌ని నిమిషం లోపల ఎత్తి పడేశాడు. సాంబో రష్యా వాళ్ళ విద్య. నిలబడి ఉండి అవతలివాణ్ణి శుభ్రంగా వీపు మీద విసిరితే ఆట అక్కడితో సరి. రిక్సన్ పక్షం వాళ్ళు ఆ రూలు మాకు చెప్పలేదు, అది ఓటమి కాదు అంటారు. ట్రిప్ పక్షం వాళ్ళు రూళ్ళు తెలుసుకోకుండా ఎందుకొచ్చావు అంటారు. వెస్ట్ పాయింట్ కాడెట్లూ తొమితా మళ్ళీ ఓక్లహోమాలో లేచి వచ్చినట్టుంది కదూ? ఈసారి విసిరింది అమెరికన్, విసరడం గెలుపు కాదన్నది జపాను విద్య వారసుడు.

నా అభిప్రాయం అడిగితే ట్రిప్ గెలిచాడు. ఆ ఆటకి అదే రూలు. కాని రిక్సన్ ఆ పోటీకి వెళ్ళడం ఆయన గొప్పతనానికి తగ్గింపు కాదు. నాలుగు వందల సున్నా అని చెప్పుకోవలసిన అవసరమే ఆయనకి తగ్గింపు. ఈ మాట మావాడి ముందు అంటే వాడిప్పటికీ ఒప్పుకోడు.

మా మిత్రుల్లో ఒకాయన భారతం బాగా చదివిన వాడు. ఆ రాత్రి చర్చలో బలం గొప్పా నేర్పు గొప్పా అన్న చోటికి వచ్చేసరికి ఆయన అందుకున్నాడు. శల్యపర్వంలో అర్జునుడు కృష్ణుణ్ణి అడిగింది సరిగ్గా ఇదే కదా! భీముడు గొప్పా, దుర్యోధనుడు గొప్పా? ఇద్దరికీ చదువు ఒకటే, బలంలో భీముడు, నేర్పులో దుర్యోధనుడు, పదమూడేళ్ళు ఇనుప బొమ్మని చేసుకుని దాని మీద సాధన చేశాడు, న్యాయంగా పోరితే భీముడు గెలవడు అని కృష్ణుడి జవాబు. తర్వాత తొడ మీద దెబ్బ, బలరాముడు నాగలి ఎత్తుకుని లేవడం. బొడ్డు కింద కొట్టకూడదన్న రూలు మీద గొడవ. ఇద్దరికీ గురువు, పైగా రిఫరీ లాంటివాడు, ఆయన తీర్పు ఎవరూ వినలేదు. "అంచేత బాబూ, అయిదువేల ఏళ్ళుగా తేలనిది ఈ రాత్రి తేల్తుందా, నేను పోతాను, రేపు పిల్లని స్విమ్మింగ్‌కి తీసుకెళ్ళాలి" అని ఆయన లేచాడు.

పంజరం పోటీల మీద అమెరికాలో పెద్ద దుమారమే లేచింది. 1990ల మధ్యలో సెనేటర్ జాన్ మెకెయిన్ వీటిని మనుషుల కోడిపందాలని తిట్టి, రాష్ట్రాల గవర్నర్లకి రాసి ఆపించే ప్రయత్నం చేశాడు. సంక్రాంతికి గోదావరి జిల్లాల మీదుగా ప్రయాణం చేసిన వాళ్ళకి ఆ తిట్టు ఎంత బరువైనదో బోధపడదనుకోండి. రూళ్ళు పెరిగాయి, గ్లవ్స్ వచ్చాయి, టైము వచ్చింది, న్యాయనిర్ణేతలు వచ్చారు. టైము పెట్టీ న్యాయనిర్ణేతల్ని పెట్టకపోతే ఏమవుతుందో 1995 ఏప్రిల్ 7న షార్లట్‌లో చూశారు. రాయిస్, కెన్ షామ్రాక్ ముప్పై ఆరు నిమిషాలు పెనవేసుకుని ఉండిపోయారు. ఫలితం, డ్రా. ఇద్దరి అభిమానులూ గెలిచినట్టే ఇంటికి వెళ్ళారు.

పేరు మీద కూడా పోట్లాటే. గ్రేసీ జూజిట్సు అన్న పేరు నాదని రోరియన్, మన ఇంటిపేరు నీ ఒక్కడిదీ ఎట్లా అవుతుందని అతని కన్నా ముందే అమెరికా వచ్చిన కార్లోస్ కొడుకు కార్లీ. కోర్టుకెక్కారు. 2000లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు దాకా వెళ్ళింది. పేరు మీద రోరియన్ హక్కు నిలవలేదు, బొమ్మ గుర్తు వాడుకున్నందుకు కార్లీది తప్పని తేలింది. ఇక్కడా ఎవరి రూలు ప్రకారం వాళ్ళు గెలిచారు.

వాదన ఎక్కువగా ముదిరేది ఒకే విద్య నేర్చిన ఇద్దరి మధ్య. 2003లో సావో పాలోలో లాస్ ఏంజలెస్ కుర్రాడు ఎడ్డీ బ్రావో, అప్పటికి బ్రౌన్ బెల్టే, మూడు సార్లు ఛాంపియన్ అయిన రాయ్లర్ గ్రేసీని కాళ్ళ త్రికోణంలో ఇరికించి తట్టించాడు. గాలివాటు గెలుపన్నారు గ్రేసీ పక్షం. పదకొండేళ్ళు ఈ ఒక్కమాట మీద గడిచాయి. 2014 మార్చి 29న లాస్ ఏంజలెస్‌లో మళ్ళీ తలపడ్డారు. పాయింట్లు లేవు, ఇరవై నిమిషాలు, తట్టితేనే గెలుపు. అప్పటికి కాలేజీ చదువు ముగించుకుంటున్న మావాడు ఫోన్ చేసి, నువ్వు కూడా చూడాల్సిందే నాన్నా అన్నాడు. ఇరవై నిమిషాల్లో ఎక్కువభాగం బ్రావోదే పైచెయ్యి. రాయ్లర్ కాలు చూస్తే నాకు పళ్ళు జివ్వుమన్నాయి. నలభై ఎనిమిదేళ్ళ రాయ్లర్ తట్టలేదు. డ్రా. పాయింట్లు ఉంటే బ్రావో ఎంత తేడాతో గెలిచేవాడో ఒక పక్షం లెక్కలు కట్టింది. తట్టించలేకపోయాడు కదా అని ఇంకో పక్షం.

పాయింట్ల సంగతి కూడా అంత తేలిక కాదు. అవతలివాణ్ణి పడగొడితే రెండు, కాళ్ళు దాటి పక్కకి వెళ్తే మూడు, మీద ఎక్కి కూచున్నా వీపెక్కినా నాలుగు. ఈ లెక్కతో 2004 ప్రపంచ పోటీల ఆఖరి ఆటలో జకరే అనే ఆయన రోజర్ గ్రేసీ మీద గెలిచాడు. ఎలా గెలిచాడంటే, ముందు పాయింట్లు సంపాదించాడు, తర్వాత రోజర్ చెయ్యి పట్టి విరిచేశాడు. అవును, విరిగింది. జకరే ఆ చెయ్యి బెల్టులో దోపుకుని, మిగిలిన టైము తప్పించుకుంటూ తిరిగి గెలుపు అందుకున్నాడు. చెయ్యి విరిచినవాడు ఓడాడు, విరిగినవాడు గెలిచాడు. ఆ ఆటలో గొప్ప ఎవరిది అని అడిగితే, నేను ఆ రోజుకి జకరే అంటాను, జీవితం మొత్తానికి రోజర్ అంటాను. అదే 2022 సెప్టెంబరులో లాస్ వేగాస్‌లో గోర్డన్ రయన్ ఆంద్రే గల్వావ్ వీపెక్కి గొంతు పట్టినప్పుడు వాదించడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. అలాంటి పోటీలు అభిమానులకి అంతగా రుచించవు. మర్నాడు మాట్లాడుకోవడానికేం ఉంటుంది?

మళ్ళీ 2006కి వస్తాను. పోటీ అయిన మర్నాడు ఆదివారం. మావాడు పంతం పట్టి తాతని సోఫాలో కూచోబెట్టి 1994 డిసెంబరు నాటి పాత పోటీ పెట్టాడు. తల్సాలో జరిగింది. రాయిస్ 180 పౌన్లు, ఎదురుగా డాన్ సెవర్న్, 260 పౌన్ల కొండ. సెవర్న్ రాయిస్‌ని కింద పడేసి మీద పడి పావుగంట సేపు కదలకుండా ఉన్నాడు. ఆ రాత్రి పోటీ అనుకున్న టైము దాటిపోయి చాలా ఇళ్ళల్లో ప్రసారం మధ్యలోనే ఆగిపోయిందిట, డబ్బు కట్టిన వాళ్ళు ఎంత తిట్టుకుని ఉంటారో! నాన్న మొదటి నిమిషంలోనే తీర్పు చెప్పేసి పేపరు తీసుకున్నారు. పదిహేనో నిమిషంలో రాయిస్ కాళ్ళు మెల్లిగా సెవర్న్ మెడ చుట్టూ చేరాయి. కొండ లాంటి మనిషి చేత్తో తట్టాడు.

నాన్న పేపరు దించారు. "ఏదీ, వెనక్కి తిప్పు" అన్నారు. మూడు సార్లు చూశారు.

అప్పటికి ఊరుకోక, ఆయన తనవైపు సాక్షుల్ని తెచ్చారు. కోడి రామ్మూర్తి నాయుడి కథ మొదలెట్టారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాము నేర్చి, సర్కస్ పెట్టి దేశమంతా తిరిగి, గుండెల మీద ఏనుగుని ఎక్కించుకుని, ఇనప గొలుసులు తెంపి, కదిలే కార్లని ఆపి, కలియుగ భీముడు అనిపించుకున్న మనిషి. మా తాత ఆయన్ని కళ్ళారా చూశాడుట. నేను ఇంగ్లీషులోకి మారుస్తూంటే మావాడు శ్రద్ధగా విని, "కూల్. హూ డిడ్ హి బీట్?" అని అడిగాడు.

ఆ ప్రశ్న తెలుగులో చెప్పడానికి నాకు ఒక నిమిషం పట్టింది. ఎవర్ని ఓడించాడు? నాకు తెలిసిందల్లా ఏనుగూ, కార్లూ, గొలుసులే. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరుంది. మా తాత చూసింది ఆయన ఏనుగుని మోయడం, ఎవరితోనో పట్టు పట్టడం కాదు. రిక్సన్ నాలుగు వందల్ని కాయితం చూపించమని నిన్న రాత్రి గట్టిగా అడిగినవాణ్ణి నేనే. ఇవాళ నా ముందు ఒక ఏనుగు నిలబడింది.

నాన్న నొచ్చుకుంటారేమో అనుకున్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "ఎవర్నీ ఓడించలేదని కాదు. మాకు ఎవరూ రాసి పెట్టలేదు" అన్నారు.

నాకు తర్వాత దొరికిన ఒక లెక్క ఉంది. అది ఆయనకి ఫోన్లో చెప్పాను. 1921 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కలకత్తా వస్తాదు గోబర్ గుహ, యాడ్ శాంటెల్ అనే ఆయన్ని ఓడించి ప్రపంచ లైట్ హెవీవెయిట్ బిరుదు తీసుకున్నాడు. ఆ శాంటెల్ ఎవరనుకున్నారు? అదే ఏడాది జపాను వెళ్ళి జూడో వాళ్ళని సవాలు చేసి వచ్చినవాడు. నాన్న వెంటనే లెక్క తేల్చేశారు: జూడో వాళ్ళకి ఎదురెళ్ళిన వాణ్ణి మనవాడు ఓడించాడు, బ్రెజిల్ విద్య జూడో నించి వచ్చింది, కాబట్టి మన గోదా అన్నిటికన్నా పైన. మరి ఆ శాంటెల్ 1916లో శాన్‌ఫ్రాన్సిస్కోలోనే ఇతో అనే జపాను ఆయన్ని ఓడించి, అదే ఏడు అతని చేతిలోనే ఓడాడు నాన్నా, ఆ లెక్క ఎక్కడ వెయ్యను అన్నాను. "అది పక్కన పెట్టు" అన్నారు.

కాని ఇది తర్వాతి మాట. ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను గిన్నెలు సర్దుతుంటే ఫామిలీ రూములోంచి మా ఆవిడ కేకలు వినపడ్డాయి. వెళ్ళి చూద్దును కదా, అరవై ఎనిమిదేళ్ళ మా నాన్న కళ్ళజోడు తీసి టీపాయ్ మీద పెట్టి, పంచె గోచీలా బిగించుకుని, కార్పెట్ మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. వీపు శుభ్రంగా నేలకి ఆని ఉంది. మావాడు ఎదురుగా మోకాళ్ళ మీద కూచుని ఆయన కాలు తన భుజం మీదకి తెచ్చుకుంటున్నాడు.

"నువ్వుండవే కోడలా" అని, మనవడి వైపు తిరిగి, "ఊఁ, ఇప్పుడు రెండో కాలు ఎటెయ్యాలి?" అన్నారు.